రెట్రో స్పీకర్ కొన్నా... చూడ్డానికి బంగారం, పాటలో మాటే తెలియట్లేదు

కోటిపల్లి_కుర్రాడు
నాన్నకి 79 ఏళ్ళు. కాకినాడ ఇంట్లో ఒకప్పుడు మర్ఫీ వాల్వు రేడియో ఉండేది. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే దాని ముందు పడక్కుర్చీ వేసుక్కూర్చునేవారు, వార్తలయ్యేదాకా ఇంట్లో ఎవరూ కిక్కురుమనకూడదు. అది పాడై ముప్పై ఏళ్ళ పైనే అయింది.

మొన్న సంక్రాంతికి చెప్పకుండా ఓ రెట్రో మోడల్ బ్లూటూత్ స్పీకర్ కొనుక్కెళ్ళా. టేకు రంగు పెట్టె, ముందు గోనెపట్టాలాంటి నేతగుడ్డ, పైన బంగారు రంగు నాబ్‌లు మూడు: వాల్యూమ్, బాస్ (కింది స్వరాలకి), ట్రెబుల్ (పైస్వరాలకి). 22 వేలు. అట్టపెట్టె విప్పగానే ఇంటిల్లిపాదీ "అబ్బ!" అన్నారు. ఘంటసాల పాట పెట్టా. నాన్న రెండు నిమిషాలు విని, "బానే ఉందిరా, కానీ ఆయనెందుకు బావిలోంచి పాడుతున్నాడూ?" అన్నారు.

నిజమే. గొంతు ముద్దగా ఉంది. తబలా మాత్రం పక్కింటికి వినపడేలా ధన్ ధన్. వెనక్కి ఇవ్వడానికి ఇంకా నాలుగు రోజులు గడువుంది. ఇవ్వనా, ఉంచనా? బ్రాండు పేరు అడగకండి, పేరు రాస్తే ఇక్కడేమవుతుందో కిందటేడు హెడ్‌ఫోన్ల గొడవలో చూశాం.

బెజవాడ_బాసు
ఎక్కడ పెట్టారు?

కోటిపల్లి_కుర్రాడు
షోకేసు గూట్లో. టీవీకి కుడిపక్క. చక్కగా కూర్చుంది, అటూ ఇటూ జానెడు ఖాళీ. అమ్మ కింద క్రోషియా గుడ్డ కూడా పరిచింది.

బెజవాడ_బాసు
దొరికాడు దొంగ.

మిడ్‌రేంజ్_మూర్తి
బాసు సగమే చెప్పి పోయాడు, మిగతాది నేను చెప్తా. పెట్టె వెనక్కి ఓసారి తిప్పి చూడండి. గుండ్రటి బొక్క ఉంటుంది, పోర్ట్ అంటారు. చిన్న పెట్టెలో పెద్ద బాస్ రావాలంటే ఎక్కువమంది పట్టే దారి ఇదే, లోపలి గాలిని ఆ గొట్టం గుండా ఊదిస్తారు. ఖాళీ సీసా మూతిమీద ఊదితే బుయ్ మంటుందే, అదే సూత్రం. ఇప్పుడు ఆ సీసాని తీసుకెళ్ళి మీరు మూడు పక్కలా చెక్క ఉన్న గూట్లో పెట్టారు.

బాస్ ధ్వని ట్రెబుల్‌లా సూటిగా ముందుకే పోదు, పెట్టె చుట్టూ నాలుగు వైపులా పారుతుంది. వెనక గోడ ఉంటే తగిలి తిరిగొచ్చి ముందు ధ్వనితో కలుస్తుంది. ఒక్క గోడకి ఆనిస్తేనే కింది స్వరాలు 3 నుంచి 6 డెసిబెల్స్ పెరుగుతాయి. మూలన పెడితే ఇంకా. మీది మూల కూడా కాదు, గుహ. మనిషి గొంతులో మాట తెలిసేది మధ్య స్వరాల్లో. వాటిమీద ఈ బాస్ దుప్పటి కప్పేస్తుంది. బావిలోంచి పాడుతున్నట్టుందని మీ నాన్నగారు ఊరికే అనలేదు, కొలతపరికరంలా చెప్పారాయన.

చేయాల్సింది: స్టూలు మీద పెట్టండి, గోడకి రెండడుగుల దూరం, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో. బాస్ నాబ్ మధ్య నుంచి బాగా ఎడమకి. తర్వాత మాట్లాడదాం.

సిద్దిపేట_శీనన్న
నేను ఫ్రిజ్ మీద పెట్టిన. పాటకి ఫ్రిజ్ కూడా తాళమేసింది. మా ఇంటామె కంప్రెసర్ పోయిందని మెకానిక్‌ని పిలిచింది. ఆయన అచ్చి, సూసి, 300 తీస్కొని, "అన్నా, పాట బంద్ జేయి" అన్నడు.

బెజవాడ_బాసు
మెకానిక్‌కి ఇచ్చిన 300 స్పీకర్ ఖరీదులో కలిపి రివ్యూ రాయండి.

కడప_కాఫీ
గూడు సంగతి సరేప్పా. నాకు అసలు ఈ "రెట్రో" అనే మాటమీదే అనుమానం. ఎవురి రెట్రో ఇది? ఇప్పుడు బజార్లో ఉండే బంగారు నాబ్‌ల పెట్టెల్లో సగం రేడియోను చూసి చేసినవి కాదు, గిటార్ ఆంప్లిఫయర్‌ను చూసి చేసినవి. నల్లతోలు, మూలలకి తొడుగులు, ముందర తెల్లక్షరాల పేరు. మార్షల్ వాళ్ళవి అట్లాంటివే. లండన్‌లో డ్రమ్ముల అంగడి నడిపిన జిమ్ మార్షల్ 1962లో గిటార్ ఆంప్ చేస్తే, రాక్ బ్యాండ్లు వాటిని గోడ మాదిరి పేర్చుకునేవి. అది వాళ్ళ జ్ఞాపకం. మన ఇంట్లో యాడుండాది గిటార్ ఆంప్? మన పాతకాలమంటే నున్నగా పాలిష్ పట్టిన చెక్క, గాజు వెనక లైటు, ఊర్ల పేర్లమీద కదిలే ముల్లు.

స్వీడన్_సుబ్బు
@కడప_కాఫీ చిన్న చేర్పు, నేనుండేది స్టాక్‌హోమ్. ఇళ్ళలో పెట్టుకునే మార్షల్ స్పీకర్లు ఇంగ్లండులోని పాత ఆంప్ కంపెనీ తనంతట చేసినవి కావు. పేరు వాడుకునే హక్కు తీసుకుని జౌండ్ ఇండస్ట్రీస్ అనే ఇక్కడి సంస్థ చేసింది. 2012లో మొదటిది, దాని పేరు హాన్‌వెల్. జిమ్ మార్షల్ కొట్టున్న పేట పేరది. తర్వాత అద్దెకున్నవాడే ఇల్లు కొన్నట్టయింది: 2023లో జౌండే మార్షల్ ఆంప్లిఫికేషన్‌ని కొనేసింది.

ఇందులో తమాషా ఏమిటంటే గిటార్ ఆంప్ గొప్పదనమే ధ్వనిని కావాలని గీరుకుపోయేట్టు చేయడం. ఇంటి స్పీకర్ చేయకూడని మొదటి పని అదే. రూపం ఒకరిది, పని ఇంకొకరిది.

కడప_కాఫీ
పులితోలు కప్పుకున్న ఆవు అంటావు.

స్వీడన్_సుబ్బు
పాలు బాగానే ఇస్తుంది. నా దగ్గర ఆ మార్షల్ వాళ్ళదే స్టాన్‌మోర్ మూడోది ఉంది, 2022లో వచ్చింది. ఒక వూఫర్‌కి (బాస్ పలికేది) 50 వాట్లు, రెండు ట్వీటర్లకి (పైస్వరాలు పలికేవి) చెరో 15. ట్వీటర్లని కొద్దిగా బయటికి తిప్పి పెట్టారు, పక్కనుంచి విన్నా పైస్వరాలు పోవు. మూర్తిగారు చెప్పిన గోడ సమస్యకి యాప్‌లో ఒక అమరిక ఇచ్చారు: గోడ దగ్గరుందా, మూలనుందా చెప్తే దాన్నిబట్టి బాస్ సర్దుతుంది. బ్యాటరీ లేదు. ప్లగ్గు పీకితే బొమ్మే.

వైజాగ్_వాసు
ఏటి బాబూ, వాట్లు అంటే నాకు చిన్నప్పటి టేప్ రికార్డర్లు గుర్తొస్తాయి. "2000 వాట్స్ పీఎంపీఓ" అని ఎర్ర స్టిక్కరు. దానికి వాడేవి ఆరు బ్యాటరీలు. మా మావయ్య అయితే దాన్ని ఆన్ చేస్తే వీధి ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోతుందని భయపడేవాడు.

మిడ్‌రేంజ్_మూర్తి
పీఎంపీఓ అంటే రెప్పపాటులో వందో వంతు సేపు, లోపల ఏమైపోయినా ఫర్వాలేదనుకుని లాగగలిగే శక్తి. దానికి లెక్కా పత్రం లేదు. చూడాల్సింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే శక్తి. అది కూడా ఒక హద్దు వరకే. పదికి పది గది, ముసలాయన ఒక్కరు వినడం... అయిదు వాట్లు నిజంగా శుభ్రంగా వస్తే చాలు. పాత వాల్వు రేడియోలు మూడు నాలుగు వాట్లతోనే వీధి అరుగుదాకా వినిపించాయి.

లలితక్క_హన్మకొండ
సౌండు సంగతి మీరు చూస్కోండి, నేను తుడిచేదాన్ని, నా బాధ నేను చెప్త. ఆ ముందల గుడ్డ ఉంటది కద, దుమ్మంత దాన్లనే. తడిగుడ్డ పెడితే మరక. చీపురు పెడితే దారాలు లేస్తయి. ఊడి రాదు, అతికిచ్చిండ్రు. నాబ్‌ల కింద పసుపు కుంకుమ ఇరుక్కుంటది, దేవుని అర్ర పక్కన పెట్టిన పాపానికి. కొనేముందు గ్రిల్లు ఊడొస్తదా లేదా అడుగుండ్రి. గిది ఏ రివ్యూల రాయరు.

వైజాగ్_వాసు
మాకు దుమ్ము కాదమ్మా, ఉప్పుగాలి. బంగారం రంగు నాబ్ రెండేళ్ళకి చుక్కలు చుక్కలు. ఇత్తడి అనుకున్నా, ప్లాస్టిక్ మీద పూత. చింతపండు పెట్టి తోమబోయి ఉన్న పూత కూడా ఊడగొట్టింది మా అమ్మ.

సిద్దిపేట_శీనన్న
చింతపండా 😂

బెజవాడ_బాసు
వెనక బొక్కలో బొద్దింకలు కాపురం పెట్టడం గురించి ఎవరూ మాట్లాడరేం? రాత్రి లైట్లార్పాక పోర్టులోంచి మీసాలు. అప్పట్నుంచి పాత దోమతెర ముక్క కట్టా.

మిడ్‌రేంజ్_మూర్తి
పల్చటి వల అయితే నష్టం లేదు. గుడ్డ కుక్కకండి. నిజానికి కోటిపల్లిగారూ, బాస్ మరీ ఎక్కువైతే ఆ బొక్కలో ఒక సాక్సు దూర్చడం పాత చిట్కానే, బాస్ తగ్గుతుంది. ఉతికిన సాక్సు.

టెక్సాస్_తిరుపతయ్య
రేడియో మొహంతో ఉన్నదే కావాలంటే నా దగ్గరున్నది చెప్తాను. టివోలీ మోడల్ వన్. 2000లో వచ్చింది, హెన్రీ క్లాస్ అనే అమెరికన్ స్పీకర్ల డిజైనర్ చివరి రోజుల్లో చేసినవాటిలో ఒకటి. చెక్క పెట్టె, ఒక్కటే స్పీకర్, మూడంగుళాలది, మోనో, అంటే ఎడమా కుడీ అని విడిగా రాదు. స్టేషన్ తిప్పే చక్రానికి అయిదుకొకటి పళ్ళచక్రం పెట్టారు. ఒక తిప్పు పనికి అయిదు తిప్పులు తిప్పాలి, అంత నిదానం. వేలికి ఏదో నూనెలో తిరుగుతున్నట్టుంటుంది. బ్లూటూత్ ఉన్న రకం తర్వాతెప్పుడో వచ్చింది. నాది పాతది, వెనక ఆక్స్ తీగే గతి.

అందులో పాటలకంటే మాట బాగుంటుంది. డ్రమ్స్ పెడితే చేతులెత్తేస్తుంది. నేను వినేది ఎటూ పాత పాటలూ ప్రవచనాలే కాబట్టి ఇరవై ఏళ్ళుగా మార్చలేదు.

డీజే_దిల్‌సుఖ్‌నగర్
మూడంగుళాల మోనో డబ్బాకి ఇంత భజనా? స్టీరియో లేకపోతే పాటే కాదు. ఎడమ నుంచి కుడికి వాయిద్యాలు ఎట్లా తెలుస్తాయి? ఈ ఒక్కపెట్టె స్పీకర్లు అన్నీ అంతే, రెండు ట్వీటర్ల మధ్య అడుగు దూరం లేదు, స్టీరియో అని రాస్తారు. నాలుగడుగులు వెనక్కెళ్తే రెండు చెవులకీ ఒకే ముద్ద. అదే 22 వేలకి విడిగా రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక చిన్న ఆంప్ వస్తాయి. దీనికంటే పదింతలు.

టెక్సాస్_తిరుపతయ్య
ఘంటసాల 1974లో వెళ్ళిపోయారు తమ్ముడూ. ఆయన పాటలు దాదాపు అన్నీ మోనోలోనే రికార్డయ్యాయి. లేని ఎడమా కుడీ ఎక్కణ్ణుంచి తెస్తావు?

డీజే_దిల్‌సుఖ్‌నగర్
అన్న ఒక్క ఘంటసాలనే వింటాడా జీవితాంతం?

కోటిపల్లి_కుర్రాడు
అన్న కాదు, నాన్న. అవును, ఒక్క ఘంటసాలనే వింటారు. మార్పు కోసం ఎప్పుడైనా లీల గారు.

డీజే_దిల్‌సుఖ్‌నగర్
ఓకే. విరమించుకుంటున్నా. కానీ కొత్త పాటలు వినేవాళ్ళకి నా మాట నిలబడుతుంది.

మిడ్‌రేంజ్_మూర్తి
నిలబడుతుంది, ఒప్పుకుంటాను. నా ఇంట్లో కూర్చుని వినేది రెండు విడి పెట్టెల మీదే. వంట చేస్తూ, పేపరు చదువుతూ వినేదానికి ఒక్కపెట్టె చాలు. ఆ రెండింటినీ ఒకే త్రాసులో పెట్టి పోలిస్తే ఎప్పుడూ తగాదాయే.

ఇంకోటి. కోటిపల్లిగారూ, మీరు పెట్టిన పాట ఏ రకం? యాప్‌ల్లో ఒకే పాట రెండు మూడు రూపాల్లో ఉంటుంది. మోనోని సాగదీసి స్టీరియో చేసినవి, కొత్త తబలా కలిపి "రివైవల్" అన్నవి, ప్రతిధ్వని పూసినవి. ఆ బావి కొంత వాటిలోనే ఉండొచ్చు. మామూలు పాత రికార్డింగు వెతికి పెట్టి చూడండి.

కోటిపల్లి_కుర్రాడు
చూశా. నేను పెట్టినది "డిజిటల్లీ రివైవ్డ్" అట! పేరు కింద చిన్నక్షరాల్లో ఉంది. ఈ రాత్రికి తమ్ముడితో స్టూలు మీద పెట్టించి మళ్ళీ చెప్తా.

అనంతపురం_అణా
బ్లూటూత్‌దే లోపం కావచ్చు కదా? ఎస్‌బీసీ, ఎల్‌డాక్ అని ఏవేవో అంటారు.

మిడ్‌రేంజ్_మూర్తి
అవి కోడెక్‌లు, బ్లూటూత్‌లో పాటని కుదించి పంపే పద్ధతులు. మాట ముద్దగా వినపడటానికి కోడెక్ కారణం కాదు. అనుమానముంటే తీగ పెట్టి అదే పాట వినండి, పది నిమిషాల్లో తేలిపోతుంది. అసలు ఇలాంటివి కొనేముందు నేను దుకాణంలో చేసేది చెప్తాను. వాళ్ళు పెట్టే డెమో పాట వినను, అది స్పీకర్‌కి అచ్చొచ్చిన పాటే అయ్యుంటుంది. నా ఫోన్లోంచి మొదట వార్తలు, ఆడగొంతు ఒకటి, మగగొంతు ఒకటి. పేర్లు తేటగా వినపడాలి, "స" దగ్గర పాము బుసకొట్టకూడదు. తర్వాత ఒక మృదంగం తని, అంటే మృదంగం ఒక్కటే వాయించేది. కుడిచేతి చాపు "టంగ్" మని విడిగా, ఎడమచేతి తొప్పి గుమ్మని విడిగా రావాలి. తొప్పి ప్రతి దెబ్బా ఒకే శ్రుతిలో బుమ్ బుమ్ అంటే అది మృదంగం కాదు, పెట్టె మోగుతోందన్నమాట. ఆఖర్న వాల్యూమ్ బాగా తగ్గించి వింటా. ఇది ఎవరూ చేయరు. సన్నగా పెట్టినప్పుడు మన చెవికి బాస్, ట్రెబుల్ రెండూ తగ్గిపోతాయి, 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చూపించారు. మంచి స్పీకర్లలో వాల్యూమ్ తగ్గేకొద్దీ ఆ రెండూ కొంచెం ఎత్తుతారు. లేనివి తగ్గిస్తే నీళ్ళ మజ్జిగ. పొద్దున్న అయిదింటికి ఇంట్లోవాళ్ళు లేవకుండా వినే మనిషికి ఇదే ముఖ్యం, గరిష్ఠ శబ్దం కాదు.

లలితక్క_హన్మకొండ
దుకాణంల మృదంగం తని ఎవరు పెట్టనిస్తరు మూర్తిగారు, నా ముందల నలుగురు ఫోన్ కవర్ల కోసం నిలబడుంటరు.

మిడ్‌రేంజ్_మూర్తి
మంగళవారం మధ్యాహ్నం వెళ్ళాలి. ఎవరూ ఉండరు.

సిద్దిపేట_శీనన్న
పెద్దమనిషికి ఫోన్ల బ్లూటూత్ కలుపుకునుడు అస్తదా? నాకు తెల్సి అసల్ ముచ్చట గదే. మా నాయినకి కార్వాన్ కొన్న. 2017ల అచ్చింది గది, హిందీ పాటలు 5000 లోపల్నే నింపి. తర్వాత తెలుగుది గూడ అచ్చింది. ఫోన్ అక్కర్లె, నెట్టు అక్కర్లె, ఒత్తితె పాట. సౌండు మస్తుగేం ఉండదు, బాస్ లేదు, గని గొంతు తేటగుంటది. పొలం కాడికి గూడ పట్కపోతడు.

డీజే_దిల్‌సుఖ్‌నగర్
మా తాతకీ అదే. ముందుకి గెంతే బటన్ నొక్కడం రాక 5000 పాటల్లో మొదటి 40 పాటలే మూడేళ్ళుగా వింటున్నాడు. సంతోషంగానే ఉన్నాడు.

కోటిపల్లి_కుర్రాడు
అప్‌డేట్. స్టూలు వేసి గూట్లోంచి తీశాం, బాస్ బాగా తగ్గించి, పాత రికార్డింగు పెట్టాం. నేను ఫోన్లో వీడియో కాల్‌లో ఉన్నా కాబట్టి నాకేం తెలియలేదు. తమ్ముడేమో "మనిషి బావిలోంచి బయటికొచ్చి గట్టుమీద కూర్చున్నాడు" అన్నాడు. అమ్మ కూడా బాగుందంది. నాన్న మాత్రం, "పదాలు ఇంకా అంటుకుపోతున్నాయి. మన మర్ఫీలో ఒక్కో అక్షరం విడివిడిగా వినపడేది" అంటున్నారు. చిత్రమేంటంటే తమ్ముడికి ప్రతి అక్షరం తెలుస్తోంది.

చెవులపిల్లి
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నా, ఇది నా వృత్తి కాబట్టి దిగుతున్నా. వినికిడి పరీక్షలు చేస్తాను.

వయసుతో ముందు పోయేది పైస్వరాలు. ఒక్కరోజులో కాదు, యాభైల నుంచి మెల్లగా. గొంతులో అచ్చుల బలం కింద ఉంటుంది, హల్లుల ఆనవాలు పైన ఉంటుంది. స, ష, త, క, ప లాంటివి విడదీసేది 2000 హెర్ట్జ్ పైనున్న చిన్న చిన్న శబ్దాలే. అవి తగ్గితే మనిషి "వినపడుతోంది, అర్థం కావట్లేదు" అంటాడు. మీ నాన్నగారన్నది అక్షరాలా అదే. పైగా బాస్ ఎక్కువగా ఉంటే ఉన్న కాస్త పైస్వరాలనీ కప్పేస్తుంది. అందుకే బావి ఆయనకి ముందు తెలిసింది, మీకు తర్వాత.

మర్ఫీ సంగతి కొంచెం చేదు. మీడియం వేవ్ రేడియోలో 4, 5 కిలోహెర్ట్జ్ దాటి పైకి పెద్దగా ఏమీ వచ్చేది కాదు. మీ స్పీకర్‌కంటే దానిలో పైస్వరాలు తక్కువ. ఆయన దాన్ని విన్నప్పుడు వయసు ముప్పై. ఆ చెవులకి అది చాలింది. ఇవాళ అదే రేడియో బాగుచేసి పెట్టినా ఒక్కో అక్షరం విడివిడిగా వినపడదేమో.

ట్రెబుల్ నాబ్ బాగా పెంచండి, మీకు గరగరగా అనిపించేదాకా. మీకోసం కాదు కదా. ఇంకా కుర్చీని స్పీకర్‌కి నాలుగడుగుల్లోకి జరపండి. వీలైతే ఒకసారి పరీక్ష చేయించండి, "చెవుడు" అనే మాట వాడకుండా తీసుకెళ్ళండి.

కోటిపల్లి_కుర్రాడు
ఇది నాకు తట్టనే లేదు. థాంక్సండీ. ఫోన్లో కూడా ఈమధ్య "ఆఁ?" అని రెండుసార్లు అడుగుతున్నారు, సిగ్నల్ అనుకున్నా.

కడప_కాఫీ
మా నాయన కూడా టీవీ 40లో పెడతా ఉండాడు. సీరియల్ వాళ్ళు గొణుగుతారంటాడు.

వైజాగ్_వాసు
అందులో మీ నాన్నదే కరెక్టు, వాళ్ళు గొణుగుతారు.

కోటిపల్లి_కుర్రాడు
ఇంకో ఆలోచన. ఆ మర్ఫీ ఇంకా అటకమీదే ఉంది. లోపలిది తీసేసి బ్లూటూత్ బోర్డూ కొత్త స్పీకరూ పెట్టించేస్తే? రూపం అదే ఉంటుంది, నాన్నకీ తృప్తి. కాకినాడ మెయిన్‌రోడ్డులో ఒకాయన చేస్తానన్నాడు.

సోల్డరింగ్_తాత
ఆగు నాయనా, ఆగు. ముట్టుకోకు.

మొదటి మాట, లోపలిది పారేయకు. వాల్వులు, కాయిళ్ళు, ముల్లు తిరిగే దారం, ఇవి మళ్ళీ దొరకవు. బ్లూటూత్ బోర్డు నాలుగేళ్ళలో చెత్త. పోయినవి సాధారణంగా కాగితం కండెన్సర్లు, పవర్ సప్లై కండెన్సర్లు, అంతే. మార్చొచ్చు.

రెండోది ప్రాణాలకి సంబంధించింది. వెనక అట్ట మీద ఏసీ అని ఉందా, ఏసీ/డీసీ అని ఉందా చూడు. ఏసీ/డీసీ సెట్లలో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, కరెంటు తీగ ఒకటి సరాసరి లోపలి రేకుకే కలిసి ఉంటుంది. ప్లగ్గు ఏ వైపు దూర్చావన్నదాన్నిబట్టి ఆ రేకు మీద 230 వోల్టులు ఉండొచ్చు. అందుకే దానికి చెక్కపెట్టె, బేకలైట్ నాబ్‌లు. దానికి ఫోన్ తీగ తగిలిస్తే ఫోన్ పట్టుకున్నవాడి గతి ఆలోచించు. నాబ్ ఊడి ఇనప కడ్డీ బయటికొచ్చినా అంతే. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (సెట్టుని కరెంటు లైను నుంచి విడదీసేది) లేకుండా అలాంటి సెట్టు నేను కూడా తెరవను, నా చేతిలో 50 ఏళ్ళ అనుభవం ఉంది.

ఏసీ సెట్టు అయితే వెనక గ్రామఫోన్ సాకెట్టు ఉండొచ్చు, దానికి చిన్న బ్లూటూత్ రిసీవర్ తగిలిస్తే ఒక్క తీగ కోయకుండా పాట వస్తుంది. అది కూడా తెలిసినవాడు చూశాకే. ముప్పై ఏళ్ళు మూలపడ్డదాన్ని సరదాకి కూడా ప్లగ్గులో పెట్టకు.

డీజే_దిల్‌సుఖ్‌నగర్
తాతా, ఖాళీ పెట్టెలో కొత్త బోర్డు పెట్టుకుంటే తప్పేంటి? పనిచేయనిది అటకమీద కుళ్ళడం కంటే మేలు కదా.

సోల్డరింగ్_తాత
మీ తాతని కూడా అలాగే ఖాళీ చేసి కొత్త బోర్డు పెడతావా?

డీజే_దిల్‌సుఖ్‌నగర్
40 పాటలే వింటాడని ముందే చెప్పా, ఆలోచిస్తున్నా.

టెక్సాస్_తిరుపతయ్య
😄 తాతగారిదే నా ఓటు. ఒక్క సంగతిలో మాత్రం డీజే మాట నిజం. చెక్కకి చెదలు పడితే ఇద్దరి వాదనా వృథా.

కోటిపల్లి_కుర్రాడు
పొద్దున్న ఇంకో ప్రహసనం. తమ్ముడు ఫోన్లో ఆకాశవాణి వాళ్ళ న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ పెట్టి విజయవాడ స్టేషన్ కలిపి స్నానానికెళ్ళాడు. నాన్న వింటూ వింటూ స్టేషన్ మారుద్దామని నాబ్ తిప్పారట. అది వాల్యూమ్. మారలేదని ఇంకా తిప్పారు. భక్తిరంజని వీధి మొత్తానికి. ఎదురింటాయన గుడి మైకనుకుని చెప్పులు విప్పి నిలబడ్డాట్ట.

తర్వాత నాన్న ఫోన్ చేసి అడిగింది ఒకటే: "మూడు మరలు పెట్టాడు కదా, స్టేషన్ మార్చే మర ఒక్కటీ పెట్టలేదేంట్రా?"

కడప_కాఫీ
ఇదీ నేను మొదట్నుంచి చెప్తా ఉండేది! నాబ్‌ను చూస్తే చెయ్యి దాని పని దానికదే గుర్తు తెచ్చుకుంటాది. రూపం రేడియోది పెట్టి పని రేడియోది పెట్టకపోతే ఆయన తప్పెట్లైతాది?

లలితక్క_హన్మకొండ
ఎదురింటాయన పాపం 🙏

బెజవాడ_బాసు
ఇంకోటి చూసుకోండి. ఇలాంటి స్పీకర్లు చాలావరకు ఇరవై నిమిషాలు శబ్దం లేకపోతే వాటంతటవే నిద్రపోతాయి. ఐరోపాలో కరెంటు పొదుపు నిబంధన, అక్కడి మోడలే ఇక్కడికీ వస్తుంది. ఆయన టిఫిన్ తిని వచ్చేసరికి ఆగిపోయి ఉంటే పాడైందనుకుంటారు. యాప్‌లో ఆ ఆప్షన్ ఉంటే ఆపేయండి.

కోటిపల్లి_కుర్రాడు
సరే, గడువు ఇవాళ్టితో అయిపోయింది. వెనక్కివ్వలేదు. ప్రస్తుత పరిస్థితి: స్పీకర్ కిటికీ పక్క స్టూలు మీద, కుర్చీకి మూడడుగుల్లో. బాస్ రెండు, ట్రెబుల్ ఎనిమిది. మాకు రేకు చప్పుడులా ఉంది, నాన్నకి మాటలు తెలుస్తున్నాయి. వాల్యూమ్ నాబ్ మీద తమ్ముడు ఎర్ర చుక్క పెట్టాడు, అది దాటకూడదని ఒప్పందం. వచ్చేనెల చెవి పరీక్ష, "బీపీతోపాటు అన్నీ చూపిద్దాం" అని ఒప్పించాం.

స్వీడన్_సుబ్బు
22 వేల స్పీకర్‌ని బాస్ తగ్గించి ట్రెబుల్ పెంచి వింటున్నారంటే దాన్ని డిజైన్ చేసినవాడు ఏడుస్తాడు.

మిడ్‌రేంజ్_మూర్తి
ఏడవనీ. నాబ్‌లు పెట్టింది అందుకే.

లలితక్క_హన్మకొండ
ఇప్పుడు ఆ గూట్ల ఏం పెట్టిండ్రు?

కోటిపల్లి_కుర్రాడు
మర్ఫీ. నిన్న అటకమీంచి దింపి తుడిచి పెట్టారు. ఆ గూడు అసలు దానికోసమే కొట్టించారట, ఇల్లు కట్టినప్పుడు. నాకిన్నేళ్ళూ తెలీదు. క్రోషియా గుడ్డ కూడా అంచుకి అంచు సరిపోయింది.

సోల్డరింగ్_తాత
బావుంది. ప్లగ్గు మాత్రం పెట్టకండి.